భూమి, భండారము, గ్రామము: శ్రీ బి. డి. జత్తిగారి ప్రజాజీవితము

బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కళ్యాణ పట్టణములో బిజ్జలుని భండారమును నిర్వహించిన మంత్రి. భక్తలోకము ఆయనను భక్తిభండారి యని కొలుచుచున్నది. ఆయన రాజ్యభండారి కూడ నైయుండెనను సంగతి మాత్రము అంతగా తలపునకు రాదు. పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక కథ కలదు. బసవన్న రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజునకు చాడీలు చెప్పిరి. రాజు లెక్క చూడగా భండారమున ధనము కొంచెమైనను తగ్గియుండలేదు. అందలి మహిమను భక్తులు కొనియాడుదురు. అందలి నీతి పాలకులకు సంబంధించినది. ప్రజల సొమ్ము చేతబట్టినవాడు ఏ క్షణముననైనను లెక్క అప్పగింపగలిగి యుండవలెను. ఆ సొమ్ము తుదకు సమాజమునకే చేరవలెను. కాయకము, దాసోహము అను రెండు మాటలలో శరణులు బోధించిన ఆర్థికధర్మ మిదియే.

ఈ ధర్మము మఠములోను, గృహములోను నిలుచుట ఒక యెత్తు. శాసనముగా మారి రాజ్యమంతట నిలుచుట మరియొక యెత్తు. ఆ రెండవ కార్యమునకు పూనుకొన్న వీరశైవ ప్రముఖులలో శ్రీ బసప్ప దానప్ప జత్తిగారు ఒకరు. 1977లో అయిదు మాసములకు పైగా రాష్ట్రపతి బాధ్యతలు వహించిన ఉపరాష్ట్రపతిగా ఆయనను పెక్కురు ఎరుగుదురు. కాని ఆయన జీవితములోని సారవంతమైన భాగము దిల్లీలో గడచినది కాదు. అది జమఖండి పురపాలక సంఘములోను, బొంబాయి, మైసూరు శాసనసభలలోను గడచినది. ఆయన శాసనసభా జీవితమును పరిశీలించినచో మూడు విషయములు ముందు వరుసలో కనబడును: దున్నువానికి భూమిపై హక్కు, గ్రామమునకు తన పనులపై అధికారము, ప్రజల భండారమునకు లెక్క. ఈ మూడును ఎంతవరకు నెరవేరినవి, ఎచ్చట ఆగిపోయినవి యనునది శరణధర్మమును నమ్మినవారు తెలిసికొనదగిన చరిత్ర.

సావళగి నుండి జమఖండికి

జత్తిగారు 1912 సెప్టెంబరు 10వ తేదీన జమఖండికి సమీపముననున్న సావళగి గ్రామమున జన్మించిరి. నాడు బిజాపురము సీమలో లెక్కింపబడిన ఆ గ్రామము, 1997లో బాగల్‌కోట జిల్లా ఏర్పడిన పిమ్మట అందు చేరినది. అది కృష్ణానదీ తీరసీమ. బసవేశ్వరుడు పుట్టిన బాగేవాడియు, ఆయన విద్యనభ్యసించిన కూడలసంగమమును ఆ సీమకు దూరము కావు. ఆ కృష్ణయే దిగువకు ప్రవహించి తెలుగు నేలలో ప్రవేశించి శ్రీశైల పాదమును కడుగును. కన్నడ శరణులకును, తెలుగు శివకవులకును గల సంబంధము ఆ నదివలెనే తెగనిది.

తండ్రి దానప్పగారు కిరాణా దుకాణము నడుపుచు సంసారభారమును మోసిన సామాన్య గృహస్థు. ఇంట కలిమి లేకున్నను కష్టించి తినుట, కలిగినదానిలో పంచుకొనుట అను వీరశైవ సదాచారము ఉండెను. నాటి ఆచారము ననుసరించి జత్తిగారికి పదియేండ్ల ప్రాయముననే సంగమ్మగారితో వివాహమయ్యెను. ఆయన చదువు వివాహముతో ఆగలేదు. బిజాపురమున ఉన్నత పాఠశాల విద్య ముగించి, కొల్హాపురమునకు వెళ్లి రాజారాం కళాశాలలో పట్టము పొందిరి. పిమ్మట ఆ పట్టణముననే న్యాయశాస్త్రము నభ్యసించిరి. తిరిగి వచ్చి జమఖండిలో వకీలు వృత్తి నారంభించిరి.

జమఖండి నాడు పట్వర్ధన్ వంశీయులు పాలించుచున్న చిన్న సంస్థానము. అట్టి చోట న్యాయస్థానమునకు వచ్చు తగవులలో అధిక భాగము భూమికి, అప్పునకు, కౌలునకు సంబంధించినవే యగుట సహజము. వకీలు బల్లయొద్ద కూర్చున్న యువకునికి పల్లె బ్రతుకు యొక్క ముడులన్నియు కాగితముల రూపమున కన్పట్టును. జత్తిగారు తరువాతి కాలమున భూసంస్కరణల సంఘమునకు అధ్యక్షులైనప్పుడు ఆ విషయము ఆయనకు క్రొత్తది కాకపోవుటకు ఈ అనుభవము తోడ్పడియుండును.

ఆయన ప్రజాజీవితము 1940లో జమఖండి పురపాలక సంఘ సభ్యత్వముతో ప్రారంభమయ్యెను. 1945లో ఆ సంఘమునకు అధ్యక్షులైరి. మంచినీరు, వీథిదీపము, మురుగుకాలువ, సంత, పన్ను అనునవి పురపాలనకు వర్ణమాల వంటివి. దానిని నేర్వకయే పెద్ద పదవుల నధిష్ఠించిన నాయకులు పెక్కురు కలరు. జత్తిగారు మొదటి మెట్టు నుండియే ఎక్కిరి. పిదప సంస్థాన శాసనసభకు ఎన్నికై మంత్రి పదవి వహించి, 1948లో ఆ సంస్థానమునకు దివాను అయిరి.

సంస్థానము విలీనమైన వేళ

దివాను పదవి ఆయనకు చిరకాలము ఉండలేదు. ఉండవలెనని ఆయన కోరినట్లును కానరాదు. స్వాతంత్ర్యానంతరము చిన్న సంస్థానములు భారత యూనియనులో కలియుచుండెను. జత్తిగారు సంస్థానాధిపతియైన శంకరరావు పట్వర్ధన్‌గారితో కూడి విలీన కార్యమును నడపిరి. 1948 మార్చి 8వ తేదీన జమఖండి బొంబాయి రాష్ట్రమున చేరెను. సంస్థానము లేనిచో దివానుగిరియు లేదు. దానిని వదలుకొని ఆయన దాదాపు ఇరువది నెలలు మరల తన వకీలు వృత్తిని చేసికొనిరి.

పదవి పోయినవాడు తన కాయకమునకు తిరిగిపోవుట శరణధర్మమున చిన్న విషయము కాదు. కాయకమునకు హెచ్చుతగ్గులు లేవని శరణులు బోధించిరి. మడివాళ మాచయ్య బట్టలుతికెను, మేదర కేతయ్య బుట్టలల్లెను, నులియ చందయ్య త్రాళ్లు పేనెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. అనుభవ మంటపమున వీరు ప్రధానమంత్రితో సమానముగ కూర్చుండిరి. ఆ సమత్వము నిజమైనచో దివాను ఆసనము నుండి వకీలు బల్లకు వచ్చుట దిగుట కానేరదు.

పిమ్మట విలీన ప్రాంతమునకు ప్రతినిధిగా ఆయన బొంబాయి శాసనసభకు నామినేట్ చేయబడిరి. వారము తిరుగకమునుపే ముఖ్యమంత్రి బి. జి. ఖేర్‌గారికి పార్లమెంటరీ కార్యదర్శిగా నియమితులైరి. 1952 సాధారణ ఎన్నికల తరువాత మొరార్జీ దేశాయిగారి మంత్రివర్గములో ఆరోగ్య, కార్మిక శాఖల ఉపమంత్రిగా పనిచేసిరి. ఆ రెండు శాఖలును కష్టించి బ్రతుకు జనులతో సంబంధము కలవియే. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగి, బిజాపురము, ధార్వాడము, బెళగావి, ఉత్తర కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రమున కలిసెను. జత్తిగారు జమఖండి సభ్యులుగా మైసూరు శాసనసభలో ఆసీనులైరి.

దున్నువాని హక్కు

క్రొత్త మైసూరు రాష్ట్రము అయిదు ప్రాంతముల కూడిక. పాత మైసూరు, బొంబాయి నుండి వచ్చిన జిల్లాలు, హైదరాబాదు నుండి వచ్చిన బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు, మదరాసు నుండి వచ్చిన ప్రాంతము, కొడగు. ప్రతి ప్రాంతమునకు కౌలు చట్టము వేరు. పాత మైసూరులో 1952 నాటి చట్టము, బొంబాయి ప్రాంతమున 1948 నాటి చట్టము, హైదరాబాదు ప్రాంతమున 1950 నాటి చట్టము ఉండెను. ఈ కడపటిదే తెలంగాణములో రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించిన చట్టము. కావున బీదరు రైతును, మెదకు రైతును ఒకప్పుడు ఒకే చట్టపు నీడలో నుండిరి. రాష్ట్ర మొకటియైన పిదప ఒక గట్టునకు ఈవలి కౌలుదారునకు ఒక న్యాయము, ఆవలివానికి ఇంకొక న్యాయము అనుట నిలువదు.

ఈ చిక్కును విడదీయుటకు 1957లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించి, దానికి జత్తిగారిని అధ్యక్షులుగా చేసెను. అది జత్తి సంఘమను పేరనే ప్రసిద్ధి కెక్కెను. రాష్ట్రమంతటికి ఒకే కౌలు శాసనము, కౌలుదారునకు భద్రత, ఒక కుటుంబము ఉంచుకొనదగిన భూమికి పరిమితి అనునవి దాని ముందున్న ప్రశ్నలు. 1958 మే 16వ తేదీన జత్తిగారు ముఖ్యమంత్రి యైనందున, సంఘాధ్యక్షుడుగా విచారించిన విషయమును శాసనముగా మార్చు భారము కూడ ఆయనపైననే పడెను. సంఘపు నివేదిక ఆధారముగా రూపొందిన మైసూరు భూసంస్కరణల బిల్లు దీర్ఘచర్చల తరువాత 1961లో శాసనసభ ఆమోదమును, 1962 మార్చిలో రాష్ట్రపతి ఆమోదమును పొందెను. ఆంధ్రప్రదేశ్‌లో కూడ భూపరిమితి చట్టము 1961లోనే వచ్చినది.

ఈ శాసనమునకు శరణుల బోధతో ఎంత దగ్గరితనమున్నదో గ్రహించుటకు ఆయ్దక్కి లక్కమ్మ కథ చాలును. ఆమె భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము సాగించువాడు. ఒకనాడు అతడు నిత్యము కంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది తమది కాదని చెప్పి, ఎక్కువైనదానిని ఏరిన చోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. పేదరాలైన ఒక స్త్రీ తన పూరింటిలో విధించుకొన్న పరిమితి యిది. భూపరిమితి చట్టము ఆ నియమమునే కలవారి పొలములకు విస్తరింపజూచినది.

అయితే లక్కమ్మ తన నియమమును తానే పెట్టుకొన్నది. శాసనసభలో నియమము పెట్టవలసినవారును, దానికి లోబడవలసినవారును పెక్కు సందర్భములలో ఒకరే. మైసూరు రాజకీయములలో భూవసతి గల వీరశైవ, వక్కలిగ వర్గములు ప్రబలమైనవి. జత్తిగారికి బలము నిచ్చిన సమాజములో గౌడలు, దేశాయిలు, పెద్ద రైతులు ఎందరో ఉండిరి. అదే సమాజములో ఇతరుల పొలమును కౌలునకు దున్నుకొని బ్రతుకు నిరుపేదలును ఉండిరి. ఈ ఇరువురిని నొప్పింపని శాసనము లేదు. ఆయన మధ్యమార్గమును పట్టిరి.

ఆ మధ్యమార్గపు ఫలితమును దాచిపెట్టనక్కరలేదు. 1961 నాటి చట్టము ఒక కుటుంబమునకు 27 ప్రమాణ ఎకరములను పరిమితిగా నిర్ణయించెను. ప్రమాణ ఎకరమనగా నిశ్చితమైన నీటివసతి గల మేలైన భూమి ఒక ఎకరము. తక్కువ తరగతి మెట్టభూమియైనచో ఎనిమిది ఎకరములు కలిసి ఒక ప్రమాణ ఎకరమగును. అందువలన మెట్టలో పరిమితి 216 ఎకరముల వరకు సాగెను. స్వంత సేద్యము పేరిట కౌలుభూమిని తిరిగి తీసికొనుటకు యజమానికి అవకాశ మిచ్చిరి. చట్టము అమలులోనికి వచ్చినది 1965 అక్టోబరు 2వ తేదీన. శాసనమైన నాటికిని, అమలైన నాటికిని నడుమ గడచిన నాలుగేండ్లు భూములను బంధువుల పేర వ్రాసికొనుటకు కావలసినంత వ్యవధి నొసగెను. ప్రభుత్వము చేతికి వచ్చిన మిగులు భూమి స్వల్పమే అయ్యెను.

కౌలుదారునకు భూమి నిజముగా దక్కినది దేవరాజ అరసుగారి కాలమున, 1974 మార్చి 1 నుండి అమలైన సవరణ చట్టముతో. కౌలులో నున్న భూములన్నియు ప్రభుత్వమునకు సంక్రమింపజేసి, తాలూకాకొక భూన్యాయమండలి నేర్పరచి, దున్నువానికి హక్కు నిచ్చిరి. పరిమితిని 10 యూనిట్లకు, మెట్టలో 54 ఎకరములకు తగ్గించిరి. ఈ రెండవ శాసనమును పొగడువారు మొదటిదానిని తేలికగా చూచుట కలదు. అది పూర్తి న్యాయము కాదు. 1974లో జరిగినది క్రొత్త శాసనము కాదు, 1961 నాటి శాసనమునకు సవరణ. అయిదు ప్రాంతముల అయిదు పద్ధతులను ఒక్క గ్రంథముగా కూర్చిన పునాది లేకున్నచో ఆ మేడ లేవదు. కాని మొదటి శాసనము గట్టిదై యున్నచో, ఇంకొక పది పండ్రెండేండ్లు ఎందరో కౌలుదారులు కాచుకొని యుండవలసిన గతి పట్టెడిది కాదనుటయు నిజమే. 1961 నాటి చట్టములో వ్యవసాయేతరులు సాగుభూమిని కొనుటపై విధించిన నిషేధమును 2020లో కర్ణాటక శాసనసభ తొలగించినది. భూమి ఎవరిదను ప్రశ్న ఇంకను ముగియలేదు.

గ్రామమునకు అధికారము

జత్తిగారి ముఖ్యమంత్రిత్వమున జరిగిన రెండవ ప్రధాన కార్యము గ్రామపాలనకు సంబంధించినది. బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో నివేదిక నొసగిన పిదప దేశమంతట పంచాయతీల విషయమై కదలిక పుట్టెను. 1959లో రాజస్థానమును, ఆంధ్రప్రదేశమును మూడంచెల పంచాయతీ వ్యవస్థను ప్రారంభించెను. ఆ సంవత్సరముననే మైసూరు శాసనసభ గ్రామ పంచాయతీల, స్థానిక బోర్డుల చట్టమును చేసెను. భూమి చట్టమునకు వలెనే దీనికిని ఏకీకరణము ముఖ్యోద్దేశము. వేర్వేరు ప్రాంతముల వేర్వేరు గ్రామపాలనలకు బదులుగా రాష్ట్రమంతటను గ్రామ పంచాయతీ, తాలూకా అభివృద్ధి బోర్డు, జిల్లా అభివృద్ధి మండలి ఏర్పడెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని స్థానములు ప్రత్యేకింపబడెను.

పురపాలక సంఘమున తన పని నేర్చుకొన్న నాయకుడు ముఖ్యమంత్రియై గ్రామ పంచాయతీల చట్టమును చేయించుట స్వాభావికము. ఊరిబావి పూడిక తీయించుటకు రాజధాని ఉత్తర్వునకై కనిపెట్టుకొను పల్లె స్వతంత్రమైన పల్లె కాదు. అనుభవ మంటపములో మాటలాడు హక్కు అందరికి నుండెను. అక్క మహాదేవి మొదలు సంకవ్వ వరకు ఎందరో స్త్రీలు అందు పాల్గొనిరని సంప్రదాయము చెప్పుచున్నది. గ్రామసభ యను భావన ఆ మంటపమునకు పరాయిది కాదు.

ఇందు కూడ శాసనము సగము దారిలో నిలిచెను. తాలూకా బోర్డునకు కొంత బలము చిక్కినను, జిల్లా మండలి అధికారుల ప్రాబల్యము గల సలహా మండలిగా మిగిలెను. చేయదగిన పనుల పట్టిక దీర్ఘముగా నుండెను. పంచాయతీల చేతికి వచ్చు ధనము స్వల్పముగా నుండెను. ధనము లేని అధికారము నూనె లేని దీపము వంటిది. కర్ణాటకమున జిల్లా పరిషత్తులకు నిజమైన అధికారము 1983 నాటి శాసనముతోను, 1987లో జరిగిన ఎన్నికలతోను మాత్రమే వచ్చినది. అందుకు కృషిచేసిన అబ్దుల్ నజీర్ సాబ్‌గారి పేరు అచటి పల్లెలలో నేటికిని స్మరింపబడుచున్నది. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు దేశమంతట రాజ్యాంగ రక్షణ కల్పించెను.

1959లోనే మైసూరు సహకార సంఘముల చట్టము కూడ వచ్చినది. వడ్డీ వ్యాపారి చేతినుండి రైతును తప్పించుటకు భూమిహక్కు ఒక్కటే చాలదు. విత్తునాటికి అప్పు, కోతనాటికి సరియైన ధర కావలెను. ఆ రెంటికిని సహకార సంఘమే ఆధారము. పదుగురు చేరి కొంచెము కొంచెముగ కూర్చి, అవసరమున్నవానికి ఇచ్చి, తిరిగి తీసికొను పద్ధతి దాసోహ భావమునకు లౌకిక రూపము. దాసోహమనగా భిక్ష కాదు. ఇచ్చువానికి గర్వమును, పుచ్చుకొనువానికి సిగ్గును లేని పంపకమే దాసోహము. సహకార సంఘము సరిగా నడచినచోట ఆ గుణము కనబడును. పెద్దల చేతి కీలుబొమ్మయైనచోట కనబడదు.

భండారమును, ధాన్యమును

1962 మార్చిలో జత్తిగారి ముఖ్యమంత్రిత్వము ముగిసెను. ఆ సంవత్సరపు ఎన్నికలలో జమఖండి ప్రజలు ఆయనను మరల శాసనసభకు పంపిరి. జూలైలో ఆయన నిజలింగప్పగారి మంత్రివర్గమున ఆర్థికశాఖను స్వీకరించిరి. ముఖ్యమంత్రిగా నుండినవారు మరియొకరి క్రింద మంత్రిగా పనిచేయుటకు సామాన్యముగా ఇష్టపడరు. జమఖండి దివానుగిరి పోయినప్పుడు వకీలు బల్లకు మరలిన మనిషికి ఇది రెండవ పరీక్ష. దీనిని కూడ ఆయన నిబ్బరముగ దాటిరి.

బసవేశ్వరుడు చేసిన పనియే ఎనిమిది శతాబ్దముల అనంతరము ఆయన చేతికి వచ్చెను. ఆ కాలపు భండారమునకు బరువులు తక్కువ కావు. 1962లో చైనాతోడి యుద్ధము వలన దేశమంతట వ్యయము పెరిగెను. శరావతి జలవిద్యుత్ పథకమునకు లింగనమక్కి ఆనకట్ట 1964లో పూర్తియయ్యెను. ఆ సంవత్సరము మే 22వ తేదీన కృష్ణపై ఆలమట్టి వద్ద లాల్ బహదూర్ శాస్త్రిగారు శంకుస్థాపన చేసిరి. వర్షము మొగము చూచి బ్రతుకు బిజాపురపు నేలకు అది పెద్ద ఆశ. తెలుగువారికి ఆలమట్టి పేరు జలవివాదముల మూలమున తెలిసినది. కాని ఆ తీరపు పల్లెలకు అది మొదట కరవు తీర్చు కలగా తోచినది. ఆ కల ఫలించుటకు దశాబ్దములు పట్టెను. ఫలించినప్పుడు ఎన్నో గ్రామములును, బాగల్‌కోట పట్టణములో కొంత భాగమును మునిగిపోయెను. ఒకరి పొలమునకు నీరు రావలెనన్న ఇంకొకరి ఇల్లు పోవలసివచ్చినప్పుడు, పోయినవానికి న్యాయము చేయుటయే దాసోహము యొక్క మొదటి అక్షరము.

1967 ఎన్నికలలోను జమఖండి నుండి గెలిచి ఆయన ఆహార, పౌర సరఫరాల శాఖను చూచిరి. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పి దేశము విదేశీ గోధుమలపై ఆధారపడిన కాలమది. ఆహారమంత్రి పదవిలో కీర్తి లేదు. ధాన్యము సేకరించిన రైతు నిందించును. చౌకధాన్యము చాలని పేద నిందించును. అయినను ఆకలిగొన్నవాని ఆకలి తీర్చుటకంటె మిన్నయైన లింగపూజ లేదని నమ్మిన సంప్రదాయమునకు ఆ పనిలో చిన్నతనము కన్పట్టదు.

ఉన్నత పదవులలో

1968 అక్టోబరులో జత్తిగారు పుదుచ్చేరికి లెఫ్టినెంటు గవర్నరుగా వెళ్లిరి. గోదావరీ తీరమున తెలుగు మాటలాడు యానాము ఆ ప్రాంతములో భాగమే కనుక, నాలుగేండ్లు ఆయన తెలుగు ప్రజలకును పాలకులైరి. 1972 నవంబరులో ఒడిశా గవర్నరు పదవి వహించిరి. 1973లో నందినీ శతపథిగారి ప్రభుత్వము రాజీనామా చేసినప్పుడు, తమకు సంఖ్యాబలము గలదని ప్రతిపక్షము వాదించినను రాష్ట్రపతి పాలన వచ్చెను. ఆ నిర్ణయము విమర్శకు గురియై న్యాయస్థానమునకు కూడ వెళ్లెను. శాసనసభలో జీవితమంతయు గడపినవారికి శాసనసభ లేని పాలనకు సాక్షియగుట తేలిక కాదు.

1974 ఆగస్టు 31వ తేదీన ఆయన భారత ఉపరాష్ట్రపతి యైరి. 1977 ఫిబ్రవరి 11వ తేదీన రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారు మరణింపగా రాష్ట్రపతి బాధ్యతలు ఆయనకు సంక్రమించెను. మార్చి 21న అత్యవసర పరిస్థితి ఉపసంహరణము ఆయన చేతిమీదుగానే జరిగెను. మార్చి 24న ఆయన మొరార్జీ దేశాయిగారిచే ప్రధానమంత్రిగా ప్రమాణము చేయించిరి. పాతికేండ్ల క్రిందట బొంబాయిలో తాను ఎవరి క్రింద ఉపమంత్రిగా నుండిరో వారిచేతనే ప్రమాణము చేయించు స్థితి వచ్చుట చరిత్రలో అరుదు.

వెంటనే కఠిన పరీక్ష ఎదురయ్యెను. తొమ్మిది రాష్ట్రముల శాసనసభలను రద్దుచేయవలెనని క్రొత్త కేంద్ర ప్రభుత్వము కోరెను. లోక్‌సభ ఎన్నికలలో ఆ రాష్ట్రముల ప్రజలు కాంగ్రెసును తిరస్కరించిరని వారి వాదము. జత్తిగారు వెంటనే సంతకము చేయక తటపటాయించిరి. దానిపై వాదోపవాదములు చెలరేగెను. పాత పక్షముపై మమకారమని కొందరును, ఎన్నికైన శాసనసభల పట్ల గౌరవమని మరికొందరును వ్యాఖ్యానించిరి. తుదకు రాజ్యాంగమున రాష్ట్రపతికిగల స్థానము ననుసరించి మంత్రివర్గపు సలహాను మన్నించి 1977 ఏప్రిల్ 30వ తేదీన సంతకము చేసిరి. ఆయన మనస్సులోని కారణమేదైనను, ప్రజలు ఎన్నుకొన్న సభను రద్దుచేయు కాగితముపై కలము కొంతసేపు ఆగుట ప్రజాస్వామ్యమునకు చెరుపు కాదు. జూలై 25వ తేదీన అనంతపురము సీమ బిడ్డయైన నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి పదవిని స్వీకరించిరి. జత్తిగారు 1979 ఆగస్టు వరకు ఉపరాష్ట్రపతిగా కొనసాగి ప్రభుత్వ పదవుల నుండి విరమించిరి.

బసవ సమితి

పదవులన్నిటికంటె ఎక్కువకాలము నిలిచిన ఆయన కార్యము బసవ సమితి. 1964లో, మంత్రిగా నుండగనే, బెంగుళూరున ఆయన దానిని స్థాపించి అధ్యక్షత వహించిరి. బసవేశ్వరుని బోధ ఒక్క కులమునకు, ఒక్క భాషకు పరిమితమైనది కాదనుట ఆ సంస్థ మూలసూత్రము. కన్నడములో బసవపథ, ఆంగ్లములో బసవ జర్నల్ అను పత్రికలు అచటినుండి వెలువడెను. శరణుల వచనములు అనేక భాషలలోనికి అనువదింపబడెను. ఆయన గతించిన పదియేండ్లకు, 2012లో, ఎం. ఎం. కలబురగిగారి ప్రధాన సంపాదకత్వమున కూర్చిన వచనముల సంపుటములు తెలుగుతో సహా పెక్కు భారతీయ భాషలలో ఆ సమితి పక్షమున వెలువడెను. సోమనాథుడు కన్నడదేశపు బసవన్నను తెలుగు ద్విపదలో నిలిపెను. ఏడు శతాబ్దముల పిమ్మట శరణుల వాక్కు మరల తెలుగింటికి వచ్చుటలో జత్తిగారు నాటిన విత్తు కలదు.

2002 జూన్ 7వ తేదీన బెంగుళూరున జత్తిగారు లింగైక్యము చెందిరి. అప్పటికి ఆయన వయస్సు ఎనుబది తొమ్మిది సంవత్సరములు.

ఆ జీవితము చెప్పు మాట

జత్తిగారి చరిత్ర సంపూర్ణ విజయగాథ కాదు. ఆయన భూశాసనము సగము దూరము నడచెను. ఆయన పంచాయతీ శాసనమును అట్లే. రెంటిని ముందుకు తీసికొనిపోయినవారు ఇతరులు. కాని రెంటికి మొదటి రాయి వేసినది ఆయన. ఆ రాయి ఎక్కడ ఆగినదో అక్కడ ఎవరి కాళ్లు ఆగినవో గ్రహించుటయే ఈ చరిత్రవలన కలుగు ప్రయోజనము. ఆగినవి ఒక్క ముఖ్యమంత్రి కాళ్లు కావు. తన పరిమితిని తానే గీచుకొనలేకపోయిన సమాజము కాళ్లవి.

కళ్యాణములో బసవన్న భండారమును నిష్కళంకముగ నడపెను. అయినను ఆయన తలపెట్టిన సమత్వమును నాటి సమాజము సహింపలేదు. శాసనసభ్యుడు ఎంతటివాడైనను శాసనము వ్రాయగలడు గాని మనస్సును వ్రాయలేడు. మిగులు భూమిని బంధువుల పేర వ్రాసికొన్న ఇంటిలోను ఇష్టలింగపూజ జరిగియుండును. ఆ ఇంటిలో లక్కమ్మ మాట వినబడియుండినచో చట్టమునకు పని యుండెడిది కాదు.

ఓటు అడుగ వచ్చినవానిని భక్తులు ప్రశ్నింపదగిన ప్రశ్నలు మూడు. దున్నువానికి ఏమి చేయుదువు? ఊరి అధికారమును ఊరికే ఇత్తువా? చేతబట్టిన సొమ్మునకు లెక్క చూపుదువా? జత్తిగారి జీవితము ఈ మూడింటికి ఇచ్చిన సమాధానము అసంపూర్ణమైనను నిజాయితీ గలది. ఆ ప్రశ్నలు అడుగువారు నాలుగవదానిని తమను తామే అడుగుకొనవలెను: అవసరమునకు మించి ఏరితెచ్చిన బియ్యము తమ యింట ఎంత యున్నదని. దానికి సమాధానము లభించిననాడు కళ్యాణము మరల నెలకొనును.

శరణు శరణార్థి.